మిరపపువ్వు వాయనం

పురసవాక్కం,
చెన్నై,
20 జూలై 2025

వదినా,

నువ్వు పంపిన గోంగూర పచ్చడి చేరింది. దారిలో మూత ఊడి సగం పచ్చడి సంచీ తినేసింది, మిగతా సగం మేం తిన్నాం. సంచీకే ఎక్కువ నచ్చినట్టుంది, ఎన్నిసార్లు ఉతికినా వదలడంలేదు.

"ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గదా" అంటారు మా ఆయన. ఆయనకేం తెలుసు. మా అమ్మాయి సునయన పెళ్ళప్పుడు లడ్డూల సైజు గురించి మనిద్దరం ఫోన్లో అనుకున్న మాటలకు ఆరు నెలలు పలకరింపుల్లేవు. ఫోన్లో కోపం వేడిగా చేరుతుంది, ఉత్తరంలో అయితే రెండు రోజులు చల్లారి చేరుతుంది అని కనిపెట్టింది నువ్వే. చావుకీ పుట్టుకకీ తప్ప ఫోన్ ముట్టకూడదన్న మన ఒప్పందం నేను తప్పేదాన్ని కాదు.

అసలు సంగతికొస్తాను. నేను బొమ్మలు వేస్తున్నాను. నవ్వకు. సునయన నా పుట్టినరోజుకు పాస్టెల్ రంగుల పెట్టె కొనిచ్చింది. చూడ్డానికి రంగు సుద్దముక్కల్లా ఉంటాయి. శనివారం శనివారం మైలాపూరుకు బస్సెక్కి వెళ్ళి నేర్చుకుంటున్నాను. టీచరు పేరు రంజని, మన సునయన వయసు పిల్ల. నేను ఆమెను టీచర్ అంటాను, ఆమె నన్ను ఆంటీ అంటుంది. మొదటిరోజు నేను బయల్దేరుతుంటే మా ఆయన వాకిట్లో నిలబడి, "ఏం కళా, ఈ వయసులో పలకా బలపం పట్టుకోని యాడికి పోతాండావు? ఈడ సాంబారు ఎవరు దించేది?" అన్నారు. మీరే దించండి అని వెళ్ళిపోయాను. దించారు, అడుగంటాక.

గులాబీలూ తామరలూ అందరూ వేస్తారు. నేను మా మేడ మీద కుండీల్లో పూసే చిన్నచిన్న పూలు వేస్తున్నాను. శంఖుపువ్వు, కనకాంబరం, బిళ్ళగన్నేరు, కాశీరత్నం, సన్నజాజి, ఇలాంటివి. అరచేతిలో పట్టేంత కాగితం, దాని మీద ఉన్నంతే పువ్వు. ఈ రంగు ఉత్త పొడి వదినా. వేలితో రాస్తే ఒక రంగులోకి ఇంకొకటి కలుస్తుంది, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. అన్నిటికన్నా నన్ను ఏడిపించింది మిరపపువ్వు. అది తెల్లగా ఉంటుంది, కాగితమూ తెల్లనిదే. చుట్టూ ఆకుపచ్చ నీడ పరిచి, ఆ నీడలో ఊదారంగు కాస్త కలిపి, చివరికి తెల్లసుద్ద కొసతో ముట్టుకోవాలి. పైగా అది తల వంచుకుని పూస్తుంది. మొహం చూడాలంటే కుండీ పక్కన నేల మీద చతికిలబడాల్సిందే. ఎన్నో కాగితాలు చింపాక ఒకటి కుదిరింది. కుదిరినప్పుడు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

నీకు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్ళుగా నేను చేసిందేదీ మిగల్లేదు వదినా. వండింది తినేశారు, తుడిచింది మళ్ళీ మాసింది. నా చేత్తో చేసినదాన్ని ఒక్కరైనా దాచుకోవాలని ఉంది. ఈ బొమ్మలు ఎవరికైనా కావాలనిపిస్తాయా అని ఒకటే బెంగగా ఉంది.

మేడ మీద నీళ్ళు కారుతున్నాయని తాపీపని మొదలుపెడుతున్నారు. కుండీలన్నీ కిందికి దించాలి. నీ వరలక్ష్మీవ్రతానికి తొమ్మిది రవికెముక్కలు అడిగావు కదా, మా ఆయన షాపులో మంచివి ఏరి పెట్టాను. అన్నయ్య వచ్చినప్పుడు పంపిస్తాను.

చేతినిండా రంగుతో,
చంద్రకళ

&nbsp;

నెల్లూరు, మూలాపేట,
9 ఆగస్టు 2025

చంద్రా,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నీలాంటి ఆడపడుచు దొరికితే ఆ మిగతా సగం కూడా అక్కర్లేదు. ఈ మాట మీ అన్నయ్య ఎదురుగానే రాస్తున్నాను.

నిన్న వ్రతం దివ్యంగా జరిగింది. మీ అన్నయ్య చెన్నై నుంచి తెచ్చిన సంచీ విప్పితే రవికెముక్కల కింద బటర్ పేపర్లో చుట్టిన కట్ట ఉంది. ఇవేమిటండీ అని అడిగాను. ఆయన నోట్లో సమోసా ఉంది. "వదినకిమ్మంది" అన్నారు. విప్పి చూద్దును కదా, పూలు. తోరానికి తొమ్మిది ముళ్ళు, రవికెముక్కలు తొమ్మిది, నీ బొమ్మలు తొమ్మిది. ఎంత లెక్కగా ఆలోచించావే అని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్కో రవికెముక్క మీద ఒక్కో బొమ్మ పెట్టి, తాంబూలంతో కలిపి వాయనమిచ్చాను.

మా వీధిలో ఇప్పుడు నీ పేరే పేరు. పక్కింటి శ్రీప్రియ సన్నజాజి పట్టుకుని వాసన చూసింది, నిజం. ఎదురింటి పచ్చయమ్మ పిన్ని శంఖుపువ్వు కోసం ఇంకొకావిడతో పోట్లాడి మరీ తీసుకుంది. మిరపపువ్వును మాత్రం ఎవరూ ముట్టలేదు. దేవుడికి పెట్టే పువ్వు కాదు కదా అంది పచ్చయమ్మ పిన్ని. చివరికి అది రాజలక్ష్మికి వెళ్ళింది, మా వీధి చివర మెస్సు నడుపుతుందే, ఆవిడకు. వ్రతానికి గారెలు ఆవిడే చేసి తెచ్చింది.

మరి మా చెల్లెలి సంగతేమిటి, మాకూ ఒక బొమ్మ కావాలి అని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. వచ్చే శ్రావణానికి ఇప్పటినుంచే మొదలుపెట్టు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు. సాంబారు బాగా దించుతున్నారని ఆశ.

మురిపెంగా,
మీ రాగిణి వదిన

&nbsp;

పురసవాక్కం,
9 ఆగస్టు 2025

వదినా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నేను బాధ్యురాలిని కాను.

మా టీచరు రంజని విద్యార్థుల బొమ్మలతో మైలాపూరులో ప్రదర్శన పెడుతోంది. సెప్టెంబరు అయిదు, ఆరు, ఏడు. నా ఫోన్లో ఉన్న ఫొటోలు చూసి, "ఆంటీ, ఈ తొమ్మిదీ కలిపి మీకొక గోడ" అంది. గోడ వదినా, మొత్తం గోడ. కింద నా పేరు. పెళ్ళిపత్రికలోనూ రేషన్ కార్డులోనూ తప్ప నా పేరు ఎక్కడా అచ్చవలేదు. అందులోనూ రేషన్ కార్డులో తప్పు పడింది.

మా ఇల్లంతా సిమెంటు దుమ్ము. అందుకే ఆ బొమ్మలు అన్నయ్యకిచ్చి, "వదిన బీరువాలో దాచమను, మళ్ళీ అడుగుతాను" అని రైలు కదిలేదాకా చెప్పాను. అన్నయ్య ఊఁ కొట్టాడు కానీ చూపంతా సమోసాల బుట్ట మీదే ఉంది. నువ్వు జాగ్రత్త మనిషివి కాబట్టి నాకు దిగుల్లేదు.

వాటిని ఎవరితోనైనా పంపించు. మళ్ళీ వేద్దామన్నా వీల్లేదు. కుండీలు దించేటప్పుడు పనివాళ్ళు కొమ్మలన్నీ నరికేశారు. మళ్ళీ పూతకు రావాలంటే చలికాలం రావాలి. ప్రపంచంలో నా పూలు ఇప్పుడు ఉన్నది నీ బీరువాలోనే.

సంతోషం పట్టలేక,
చంద్రకళ

&nbsp;

పురసవాక్కం,
12 ఆగస్టు 2025

వదినగారికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నీది ఈరోజు అందింది. చదువుతూ ఉండగా పప్పు మాడింది. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒప్పందం గుర్తొచ్చి పెట్టేశాను. ఇది నీ అదృష్టం.

పంచిపెట్టడానికి అవి చలిమిడి ఉండలా? కట్ట చూశావు, ఇవేమిటని అనుమానం వచ్చింది, అడిగావు. అడిగింది ఎవరిని? సమోసా తింటున్న మనిషిని. ఒక్క కార్డు ముక్క రాసి నన్నడిగితే నీ సొమ్మేం పోయేది? ఒప్పందం పక్కనపెట్టి ఫోన్ చేసినా క్షమించేదాన్ని.

టీచరుకు సరేనని చెప్పేశాను. గోడ నా పేరుకు రాసుకుంది. ఇప్పుడు వెళ్ళి, "అమ్మా, నా బొమ్మలు నెల్లూరులో తాంబూలాలతో పాటు వెళ్ళిపోయాయి" అని చెప్పాలా? మా ఆయన విని ఒక్క గంట నవ్వారు. నవ్వు ఆపుకుని, "సుమ్మా వదిలెయ్ కళా, సుద్దముక్కల బొమ్మలే గదా" అన్నారు. ఆ నవ్వు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇల్లిల్లూ తిరుగుతావో, ఏం చెబుతావో నాకు తెలియదు. తొమ్మిదీ నాకు కావాలి.

చంద్రకళ

&nbsp;

నెల్లూరు,
16 ఆగస్టు 2025

చంద్రకళమ్మగారికి,

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీ అన్నయ్య చేసినదానికి నా మీద పడ్డావు. ఆయన్ని నిలదీశాను. "దాచమన్నట్టే గుర్తు, యాడ దాచమనిందో గుర్తులేదు" అన్నారు. పాపం, నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి సమోసా జోలికి పోలేదు.

సరే. మరి నువ్వు వాయనం వెనక్కి అడగమంటున్నావు. నీకు తెలియనిదేముంది. ఇచ్చేటప్పుడు నేనేమన్నాను? "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారు వాళ్ళు. "అందుకున్నదెవరు?" అంటే "నేనే వరలక్ష్మిని" అన్నారు. అంటే నీ బొమ్మలు ఇప్పుడు ఉన్నది శ్రీప్రియ దగ్గరా పచ్చయమ్మ పిన్ని దగ్గరా కాదు, లక్ష్మీదేవి దగ్గర. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "తల్లీ, పొరపాటైంది, ఇటు తే" అంటే మళ్ళీ జన్మలో నా ఇంటి మొహం చూస్తుందా?

చలిమిడి ఉండల మాట నాకు కష్టం వేసింది చంద్రా. అవి బాగాలేకపోతే పిల్లలకు ఆడుకోమని ఇచ్చేదాన్ని. ఎంతో బాగున్నాయి కాబట్టే నా నోముకు పెట్టాను. ఆ సంగతి నీకెందుకు తట్టలేదో.

రెండు రోజులు ఆలోచించాను. వాయనం వెనక్కి అడక్కూడదు, నిజమే. కానీ లక్ష్మీదేవిని పేరంటానికి పిలవొచ్చు. కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఇంటావిడకు బొట్టు పెట్టి, "చెన్నైలో మా ఆడపడుచు ఇంట్లో పేరంటం, మీ ఇంటి బొమ్మను పంపించండి" అని పిలుస్తాను. పేరంటం అయ్యాక ఎవరింటి బొమ్మ వాళ్ళింటికి తిరిగి రావాలి. ఇందులో దోషం లేదని మా పురోహితుడు కూడా అన్నాడు. అనేదాకా ఆయన్ని నేను వదల్లేదనుకో.

ఈ షరతుకు ఒప్పుకుంటేనే గడప దాటుతాను.

రాగిణి

&nbsp;

పురసవాక్కం,
19 ఆగస్టు 2025

వదినా,

ఒప్పుకున్నాను. బొమ్మను బొట్టు పెట్టి పిలవడం ఎక్కడైనా ఉందా అని మా ఆయన మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ కలిశాను. నవ్వాక కోపం నిలవలేదు.

చలిమిడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాట వాయనం కాదు కాబట్టి తీసుకోవచ్చు. నీ నోముకు పెట్టావన్న సంగతి నాకు నిజంగా తట్టలేదు. తట్టాక, పప్పు మాడిన గిన్నె తోముతూ కాసేపు ఏడ్చాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. బొమ్మ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు. అంచులు పట్టుకుని, పైన బటర్ పేపరు కప్పి, అట్టల మధ్య పెట్టి పంపు. తుడిచి పంపుతామనేవాళ్ళకు ఒక దణ్ణం పెట్టు.

ఎదురుచూస్తూ,
చంద్ర

&nbsp;

నెల్లూరు,
25 ఆగస్టు 2025

చంద్రా,

నా కాళ్ళు చూస్తే నీకే జాలేస్తుంది. ఎండలో భరిణె పట్టుకుని తిరుగుతుంటే, ఎవరింట్లో పెళ్ళి రాగిణమ్మా అని దారిపొడుగునా అడగడమే. పెళ్ళి కాదు, పూలను చెన్నై పిలుస్తున్నాను అని చెబుతూ పోయాను. కొందరు నన్ను జాలిగా చూశారు.

ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. పచ్చయమ్మ పిన్ని బొమ్మను దేవుడి మందిరంలో పెట్టి పూజ చేస్తోంది. అమ్మవారు ప్రయాణానికి ఒప్పుకుందో లేదో అని పువ్వు వేసి అడిగింది. మొదటిసారి అమ్మవారు వద్దంది. మళ్ళీ అడగమన్నాను. శ్రీప్రియ చాలా సంతోషంగా ఇచ్చింది, కాకపోతే భద్రంగా ఉంటుందని ఏదో చేయించిందట. నేను విప్పి చూడలేదు, నువ్వే చూసుకో. తలా ఒక డబ్బాలో మిఠాయో చేగోడీలో పెట్టి, పేరంటానికి వట్టి చేతులతో పంపకూడదని మరీ ఇచ్చారు. బొమ్మల కన్నా డబ్బాలు బరువున్నాయి. చవితి వెళ్ళిన మర్నాడు మీ అన్నయ్య తెస్తారు. దారిలో ఏమీ తిననని ప్రమాణం చేశారు.

ఎనిమిది వస్తున్నాయి. రాజలక్ష్మి బొమ్మ రావడంలేదు. దాని సంగతి అడక్కు, ఎనిమిదితో సర్దుకో.

వినాయకుడికి మీ ఇంట్లో ఉండ్రాళ్ళు గట్టిగా వస్తాయని అన్నయ్యగారు బెంగపడుతుంటారు. ఈసారైనా పిండి సరిగ్గా ఉడకనివ్వు.

అలసిపోయి,
వదిన

&nbsp;

పురసవాక్కం,
29 ఆగస్టు 2025

వదినా,

ఎనిమిదీ చేరాయి. చేగోడీల డబ్బా ఒకటి ఖాళీగా చేరింది. అన్నయ్య ప్రమాణం మిఠాయిల గురించట.

చూసుకుని ముందు నెత్తి కొట్టుకున్నాను. శ్రీప్రియ సన్నజాజిని లామినేషన్ చేయించింది. వేడికి పొడంతా కరిగి, పాపం జాజిపువ్వు చెమట పట్టినట్టు మెరుస్తోంది. పచ్చయమ్మగారి శంఖుపువ్వు మధ్యలో కుంకుమబొట్టు ఉంది, సాంబ్రాణి వాసన కూడా వస్తోంది. కాశీరత్నానికి ఎవరో చుట్టూ జరీ అంచు కుట్టారు. ఏమైనా అంటుందేమోనని భయపడుతూ టీచరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల ఒక్కొక్కటి పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆంటీ, వీటిని ముట్టుకోవద్దు. ఎట్లుంటే అట్లే పెడదాం" అంది. ఇవి అడిగి తెచ్చినవి కాబట్టి కింద నా పేరుతో పాటు సొంతదారు పేరు కూడా రాయాలట.

ఇక తొమ్మిదోది. అడక్కు అన్నావు, అడక్కుండా ఎలా ఉండను? ఎనిమిదీ ఒక ఎత్తు, మిరపపువ్వు ఒక ఎత్తు. నేను వేసినవాటిలో అసలు బొమ్మ అది. వీధిలో అందరూ ఇచ్చారు, ఆవిడకొక్కదానికే ఎందుకంత బెట్టు? ఏమైనా ఆశిస్తోందా? మా ఆయన షాపులో మంచి చీర ఒకటి తీసిపెడతాను, ఇచ్చి తెచ్చుకో. మెస్సు పొయ్యి మీద వేలాడదీసి ఉంటుంది, ఈపాటికి నూనెపొగ పట్టి నల్లబడి ఉంటుంది. తలుచుకుంటే నిద్ర రావడంలేదు.

గురువారం పొద్దున బండికి నేనే వస్తున్నాను. ఆవిడతో నేనే మాట్లాడతాను.

చంద్ర

&nbsp;

నెల్లూరు,
1 సెప్టెంబరు 2025

చంద్రా,

బయల్దేరకు. ముందు ఇది చదువు. నీకు మొదటే చెప్పాల్సింది. నేను చేసింది తప్పని మీ ఇంట్లో ఎవరైనా అంటారేమోనని చెప్పలేదు.

రాజలక్ష్మి భర్త పోయి పన్నెండేళ్ళు. ఈ వీధిలో ఏ పేరంటమైనా గారెలు ఆవిడ చేతివే. వెనకవాకిట్లో గిన్నె పెట్టి, కేకేసి, ఎవరూ బయటికి వచ్చేలోపల వెళ్ళిపోతుంది. మేమూ అలవాటు పడిపోయాం. ఆ శుక్రవారం తొమ్మిదిమందిలో ఒకావిడకు జ్వరమొచ్చి రాలేదు. వాయనం ఒకటి మిగిలింది, దాని మీద నీ మిరపపువ్వు. అప్పుడే రాజలక్ష్మి వెనకవాకిట్లో గిన్నె దించుతోంది. ఏమనిపించిందో, చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, అందరి మధ్యా ఇచ్చాను. పచ్చయమ్మ పిన్ని మొహం అటు తిప్పుకుంది. రాజలక్ష్మి కొంగు పట్టడం కూడా మరిచిపోయి రెండు చేతులూ చాచింది.

మొన్న పిలుపులకు తిరుగుతూ అలవాటుగా భరిణె పట్టుకునే ఆవిడింటికీ వెళ్ళాను. ఆవిడ భరిణె వైపు చూసింది. నేనూ చూశాను. దాన్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు. "కూర్చోమ్మే, దోశ తిందువు" అని నవ్వింది. నీ బొమ్మ మెస్సులో లేదు చంద్రా. లోపల తను పడుకునే గదిలో, మంచానికి ఎదురుగా ఉంది. బటర్ పేపరు కూడా తియ్యలేదు. పైకి మడిచి పెట్టుకుంది, చూడాలనిపించినప్పుడు ఎత్తి చూస్తుందట.

సంగతి చెప్పాను. ఆవిడ అన్న మాటలు అలాగే రాస్తున్నాను. "ఇన్నేళ్ళు మిరపకాయలు నూరతా ఉండా, దీని పువ్వును ఇంత దగ్గరగా ఎప్పుడూ చూళ్ళేదు. అదొకటి. ఇంకోటి, మా ఆయన పోయినాక నాకు ఎవురైనా ముందరింట్లో పిలిచి ఇచ్చింది ఇదొక్కటే. మూడు దినాలు గాదు, ఒక పూటకైనా ఇయ్యను. మీ ఆడపడుచును కోపం తెచ్చుకోబాకమని చెప్పు."

దోశ తిని వచ్చేశాను. నీకు చీర ఇవ్వాలని ఉంటే నాకివ్వు, ఆవిడ తీసుకోదు.

రాగిణి

&nbsp;

పురసవాక్కం,
8 సెప్టెంబరు 2025

వదినా,

నీ ఉత్తరం చదివి టిక్కెట్టు రద్దు చేసుకున్నాను. చీర మాట రాసిన నా చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడకు ఆ ముక్క చదివి వినిపించలేదు కదా? వినిపించి ఉంటే నాకు చెప్పకు.

ప్రదర్శన నిన్నటితో అయిపోయింది. తొమ్మిదో చోట ఇంకేదైనా పెట్టి నింపుదాం ఆంటీ అంది టీచరు. వద్దన్నాను. ఎనిమిది బొమ్మల పక్కన ఒక చోటు ఖాళీగా వదిలేసి, కింద మిగతావాటికి పెట్టినట్టే అట్టముక్క పెట్టించాను. "మిరపపువ్వు. పాస్టెల్. వేసినది: చంద్రకళ. సొంతదారు: రాజలక్ష్మి, నెల్లూరు. ఇవ్వనన్నారు." తెలుగులోనూ అరవంలోనూ రాయించాం.

జనం జాజిపువ్వు చెమట చూసి నవ్వారు, శంఖుపువ్వు బొట్టుకు ఒకావిడ దణ్ణం పెట్టుకుంది. కానీ అందరూ ఆగింది ఆ ఖాళీ దగ్గరే. అక్కడ ఎవరున్నారో తెలుసా? మా ఆయన. షాపుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మొదట తలుపు దగ్గరే నిలబడ్డారు. ఎవరో ఆ అట్టముక్క చదివి, ఎందుకివ్వలేదు అని అడిగారు. ఇంక చూడు, మూడు రోజులూ ఆ గోడ దగ్గర నుంచి కదిలితే ఒట్టు. వచ్చినవాళ్ళకల్లా చెప్పడమే. "ఈడ ఉండాల్సింది అసలు బొమ్మ సార్. ఓనరమ్మ ఇయ్యనంటా ఉంది. ఒక పూటకు గూడా ఇయ్యదంట. రొంబ మంచి బొమ్మ, అందుకే." తెలుగువాళ్ళకు తెలుగులో, అరవంవాళ్ళకు అరవంలో. నిన్న ఒక పెద్దాయన, పువ్వు ఎట్లుంటుంది సార్ అని అడిగేశాడు. మా ఆయన తల గోక్కున్నారు. ఆ బొమ్మ వేస్తున్నన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది, ఒక్కనాడూ తొంగిచూసిన పాపాన పోలేదు. నావైపు తిరిగి, "కళా, నాకు సరిగ్గా చెప్పను రాదు, నువ్వు వచ్చి చెప్పు" అన్నారు, కాస్త చిన్నబోయి. వెళ్ళి చెప్పాను. నీడ ఎలా పరిచానో, తెలుపు ఎక్కడ ముట్టించానో. చుట్టూ నలుగురు చేరారు. వాళ్ళ వెనక నిలబడి ఆయన కూడా విన్నారు.

రాత్రి అన్నం తింటూ, "ఆ యమ్మ ఇయ్యకుండా ఉండడమే కరెక్టు" అన్నారు. ఏ యమ్మ అని అడిగాను. "మన ఓనరమ్మ" అన్నారు.

నా బొమ్మలు ఎవరికైనా కావాలా అని నీకు రాశాను. ఇప్పుడు ఆ బెంగ లేదు వదినా. ఎనిమిదిమంది ఇచ్చినందుకు సంతోషమే, కానీ నా బెంగ తీర్చింది ఇవ్వనన్న మనిషి. ఇది ఆవిడకు చెప్పు. నువ్వే వెళ్ళి చెప్పు, భరిణె లేకుండా.

మిగతా బొమ్మలు అన్నయ్యతో తిరిగి పంపిస్తున్నాను. డబ్బాల్లో మైసూరుపాకు పెట్టాను, అన్నయ్య కోటా విడిగా కట్టాను.

కడుపునిండా సంతోషంతో,
చంద్ర

&nbsp;

నెల్లూరు,
11 సెప్టెంబరు 2025

చంద్రా,

బొమ్మలు చేరాయి, ఎవరింటివి వాళ్ళకు అప్పగించాను. చెన్నైలో తన శంఖుపువ్వుకు దణ్ణం పెట్టారని పచ్చయమ్మ పిన్నికి నేలమీద కాళ్ళు ఆనడంలేదు. శ్రీప్రియకు మాత్రం జాజిపువ్వు చెమట సంగతి చెప్పలేదు. బాధపడుతుంది.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక నీ ఉత్తరం పట్టుకుని రాజలక్ష్మి మెస్సుకు వెళ్ళాను. ముందు వైపు నుంచే వెళ్ళాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. నువ్వు రాసింది రాసినట్టే చదివాను. చీర మాట ఈ ఉత్తరంలో లేదు కాబట్టి బతికిపోయావు. అన్నయ్యగారి మాటలకు పడీపడీ నవ్వింది. అట్టముక్క దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగింది.

"నా పేరా? గోడ మీదా? ఎట్టా రాసినారు, ఫలానా ఆయన భార్య అనా?" అంది.

మెస్సు బోర్డు మీద ఇప్పటికీ వాళ్ళాయన పేరే ఉంది చంద్రా. కరెంటు బిల్లు మీదా అదే. ఆవిడ పేరు రాజలక్ష్మి అని మా వీధిలో సగంమందికి తెలియదు, మెస్సావిడ అంటారు.

"కాదు, రాజలక్ష్మి, నెల్లూరు. అంతే" అన్నాను.

"ఉత్త రాజలక్ష్మేనా?"

"ఉత్త రాజలక్ష్మే."

మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలని అంది, నేనూ అలాగే అనుకున్నాను. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది.

"బొమ్మ మాత్రం ఇయ్యనమ్మే. ఎవురడిగినా ఇయ్యను. మీ ఆడపడుచును మాత్రం ఆ అట్టముక్కను పారెయ్యబాకమని చెప్పు. అది గూడా నాకే పంపీమను."

వెంటనే పంపు. ఈసారి మీ అన్నయ్య చేతికివ్వకు, రిజిస్టరు పోస్టులో పంపు. కవరు మీద ఆవిడ పేరే రాయి.

నీ
వదిన